గ్రాఫీన్ కిందికి బంగారం దూరాక ఆర్పెస్ బొమ్మను చదవడం ఎలా

లోహానికీ దాని మీది గ్రాఫీన్‌కీ (ఒకే పరమాణువు మందమున్న కార్బన్ పొర) మధ్య వేరే పరమాణువులను దూర్చడమే ఇంటర్‌కలేషన్. వెలుగు పడినప్పుడు బయటికొచ్చే ఎలక్ట్రాన్ల శక్తినీ కోణాన్నీ కొలిచి లోపలి ఎలక్ట్రాన్ బ్యాండ్లను బొమ్మగా చూపించే పద్ధతి ఆర్పెస్. ల్యాబ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు బొమ్మ పట్టుకొచ్చి "డిరాక్ కోన్ వచ్చేసింది సార్" అంటారు. గ్రాఫీన్ బ్యాండ్లు ఒక బిందువులో కలిసే శంకువు ఆకారమే ఆ కోన్. నేను రెండే అడుగుతాను. లోహంతో పట్టు వదిలిందా? ఛార్జ్ ఎటు కదిలింది? ఒకదానికి జవాబు దొరికితే రెండోదీ తేలినట్టు కాదు.

దూర్చకముందు బొమ్మ తప్పకుండా తీసుకోండి. నికెల్(111) మీద (111 అంటే స్ఫటికంలో ఒక ముఖం పేరు) గ్రాఫీన్ సుమారు 2.1 ఆంగ్‌స్ట్రామ్‌ల ఎత్తులోనే ఉంటుంది. నికెల్ 3d బ్యాండ్లతో కలిసిపోయి గ్రాఫీన్ π బ్యాండ్ (కోన్ ఉండేది ఇందులోనే) 2 ఎలక్ట్రాన్ వోల్టులకు పైగా కిందికి దిగుతుంది. మధ్యలోకి బంగారం వెళ్లాక కోన్ ఫెర్మి లెవెల్ (ఎలక్ట్రాన్లు నిండి ఉండే పై హద్దు) దగ్గరికి తిరిగొస్తుంది, ఎందుకంటే బంగారం d బ్యాండ్లు నిండిపోయి బాగా కింద ఉంటాయి. ఇరిడియం(111) మీద ఎత్తు 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు, కోన్ మొదటి నుంచీ ఉంటుంది. అక్కడ కోన్ చూపించి సంబరపడితే నేను నవ్వుతాను.

ఇక కొలత. K బిందువు (మొమెంటం పటంలో కోన్ ఉండే చోటు) కోసం 21.2 ఎలక్ట్రాన్ వోల్టుల హీలియం వెలుగుతో శాంపిల్‌ను దాదాపు 54 డిగ్రీలు తిప్పాలి, 40.8తో అయితే 33 చాలు. వెలుగు తక్కువైనా నేను రెండోదే వాడతాను. గామా-K దిశలో (పటం కేంద్రమైన గామా నుంచి K వైపు) కొలిస్తే ఇంటర్‌ఫియరెన్స్ వల్ల కోన్‌లో ఒక పక్క మాయమవుతుంది. దానికి లంబంగా, సరిగ్గా K గుండా కొలవండి. కొంచెం పక్కకు జరిగినా లేని గ్యాప్ కనిపిస్తుంది, దాని మీద పేపర్ రాసేయాలన్న టెంప్టేషన్ కూడా వస్తుంది!

డోపింగ్ (ఛార్జ్ ఎటు, ఎంత కదిలిందో) తేల్చడానికి కోన్ రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో చూడండి. ఇరిడియం మీద గ్రాఫీన్ కింద సీసియం ఉంటే ఆ బిందువు ఫెర్మి లెవెల్‌కి కింద, ఆక్సిజన్ ఉంటే పైన ఉంటుంది. పైన ఉన్నప్పుడు కనపడదు కాబట్టి గీతలను పొడిగించి అంచనా కట్టాలి. 0.4 ఎలక్ట్రాన్ వోల్టుల జరుగుడంటే చదరపు సెంటీమీటరుకు సుమారు 1.2×10¹³ క్యారియర్లు (ఛార్జ్‌ను మోసే కణాలు).

ఒకే బొమ్మలో రెండు కోన్‌లుంటే సగమే దూరిందేమోనని ముందు అనుమానించండి. కార్బన్ 1s పీక్ (కార్బన్ లోపలి ఎలక్ట్రాన్లు స్పెక్ట్రంలో ఇచ్చే శిఖరం) కూడా రెండుగా చీలితే అనుమానం బలపడుతుంది. బంగారమైతే ఇంకాస్త వేడిచేసి చూడొచ్చు. ఆక్సిజన్‌తో ఆ ధైర్యం చేయకండి, వేడి ఎక్కువైతే అది గ్రాఫీన్‌నే తినేస్తుంది.