చోళ్లూ (రాగులూ) ఎండా కలిస్తేనే ఎముకకు బలం

ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన ఇళ్లలో నలభై దాటిన ఆడమనిషి పీట మీంచి లేస్తూ మోకాలి మీద చెయ్యి ఆనిస్తే "వయసొచ్చింది కదా" అనేస్తారు. అన్నిసార్లూ వయసు కాదు. ముంగాలి ఎముకను బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. జివ్వుమని నొప్పి పుట్టినా, చేతి ఊతం లేకుండా నేల మీంచి లేవలేకపోయినా, నడకలో ఒళ్లు అటూ ఇటూ ఊగుతున్నా ఎముక మెత్తబడిందేమోనని అనుమానించాలి. పిల్లల్లో చూడాల్సినవి వేరు: దొడ్డికాళ్లు, మణికట్టు దగ్గర ఎముక లావెక్కడం, పక్కటెముకల మీద పూసల్లాంటి బుడిపెలు, ఏడాదిన్నర దాటినా మాడు పూడకపోవడం.

ఎముక ఒంటికి గాదె లాంటిది. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు నడవవు. అందుకే తిండిలో రాని కాల్షియాన్ని, మెడలోని చిన్న గ్రంథుల నుంచి వచ్చే పారాథైరాయిడ్ హార్మోను ఎముకల్లోంచి తోడి రక్తానికి ఇస్తుంది. ఇక విటమిన్ డి చాలకపోతే తిన్న కాల్షియంలో పేగు పీల్చుకునేది నూటికి 10, 15 వంతులే. చాలినంత ఉంటే 30 దాటుతుంది. రోజూ అంబలి తాగే ఇంట్లోనూ ఎముకలు మెత్తబడటానికి కారణం ఇదే.

ముందు ఎండ సంగతి. పొద్దున్నే లేత ఎండ మంచిదని చాలామంది ఆరింటికి, ఏడింటికి నిలబడతారు. ఆ వేళ చర్మంలో విటమిన్ డి తయారుచేసే కిరణాలు దాదాపు నేలకు చేరవు. గడియారం కంటే నీడ నమ్మకం: మీ నీడ మీ ఎత్తు కంటే పొట్టిగా ఉన్నప్పుడే ఎండ పనిచేస్తుంది. మన వైపు మే నెలలో తొమ్మిదింటికే నీడ పొట్టిదవుతుంది. కాబట్టి వడదెబ్బ వేళ రాకముందే పని ముగించుకోవచ్చు. డిసెంబరులో మాత్రం 11 నుంచి 1 లోపే ఆ వేళ. ముఖం, చేతులు, మోకాళ్ల కింద కాళ్లు కప్పకుండా 20 నుంచి 30 నిమిషాలు, వారానికి నాలుగైదు రోజులు. నల్లటి చర్మానికి ఇంకాస్త ఎక్కువ సేపు కావాలి. అద్దం కిటికీ వెనక కూర్చుంటే లాభం లేదు. ఇంటిపట్టున ఉండే ముసలివాళ్లను, బాలింతలను వాకిట్లో కూర్చోబెట్టండి. పసిబిడ్డకు మాత్రం ఎండ మీద ఆధారపడకూడదు. తల్లిపాలలో విటమిన్ డి తక్కువ కనుక ఏడాది నిండేదాకా రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు కావాలి.

తిండి దగ్గరికొస్తే, పెద్దవాళ్లకు రోజుకు 1,000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. నెలసరి ఆగిన ఆడవాళ్లకు 1,200. వంద గ్రాముల బియ్యంలో ఉండేది పది మిల్లీగ్రాములు, అదే చోళ్లలో 350 పైనే. అన్నం, చారుతో పూట గడిపే ఇంట్లో గాదె ఎలా నిండుతుంది? 2017లో మొదలైన ఒడిశా మిల్లెట్ మిషన్ (ప్రభుత్వ చిరుధాన్యాల పథకం) రాయగడ, గజపతి, కోరాపుట్‌లలో చోళ్లకు మళ్లీ గిరాకీ తెచ్చింది. మండీలో కొంటున్నారు కదా అని పండిందంతా అమ్మేయకండి. మనిషికి నెలకు రెండుంపావు కిలోలు ఇంట్లో ఉంచుకోండి.

అంటే రోజుకు 75 గ్రాముల చోడిపిండి, దాంతో 270 మిల్లీగ్రాముల కాల్షియం వస్తుంది. పెద్ద గ్లాసు పెరుగు 240, పొట్టు తీయని నువ్వులు రెండు చెంచాలు 190, గుప్పెడు మునగాకు 90 ఇస్తాయి. మిగతాది ఎండు మెత్తళ్లతో పూడుతుంది. వాటిని ముల్లుతో సహా నమిలి తింటేనే ఫలం. రక్తపోటు ఉన్నవాళ్లు ముందు గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించాలి. నువ్వులను దోరగా వేయించి పొడి కొట్టండి, నమలకుండా మింగిన గింజ అలాగే బయటికి పోతుంది.

చోళ్లలో కాల్షియాన్ని పట్టి ఉంచే ఫైటేటు ఉంటుంది. రాత్రి పిండిని నీళ్లలో కలిపి పులియనిచ్చి పొద్దున కాచే అంబలిలో అది తగ్గుతుంది. మొలకలైనా సరే: రాత్రంతా నానబెట్టి, గుడ్డలో మూటగట్టి ఒకటిన్నర రోజు ఉంచి, తెల్లటి మొన రాగానే ఎండబెట్టి, కాస్త వేయించి మరపట్టండి. వానాకాలంలో మూట బూజు వాసన వేస్తే మొహమాటం లేకుండా పారబోయండి. పప్పు, గుడ్డు కూడా తప్పనిసరి, మాంసకృత్తులు లేకపోతే కాల్షియం పట్టి నిలిచే చట్రమే ఉండదు. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టి తాగడం), ఖైనీ ఎముకను పలచబరుస్తాయి.

గర్భిణికి నాలుగో నెల నుంచి ఇచ్చే కాల్షియం బిళ్లలు రోజుకు రెండు, భోజనంతో వేసుకోవాలి. ఐరన్ బిళ్లకూ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. రెండూ కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటపట్టదు.

రక్తపరీక్షలో విటమిన్ డి 20 నానోగ్రాముల లోపు వస్తే డాక్టరు సాధారణంగా 60,000 యూనిట్ల పొడి పొట్లం రాస్తారు. అది వారానికి ఒక్కటి, ఆరు నుంచి ఎనిమిది వారాలు, పాలతోనో భోజనంతోనో. రోజువారీ మందనుకుని వరసగా వేసుకుంటే వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం మొదలై మూత్రపిండాలు దెబ్బతింటాయి. చీటీ మీద "వారానికి ఒకటి" అని తెలుగులో పెద్దగా రాయించుకోండి.

ముసలివాళ్లు జారిపడ్డాక ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే తుంటి విరిగినట్టే అనుకోండి. నూనె రాసి లాగకండి, నడిపించి చూడకండి. కాలు కదలకుండా దిండ్లు ఆనించి, ఎక్స్‌రే ఉన్న ఆస్పత్రికి పడుకోబెట్టే తీసుకెళ్లండి.