వాన పెడితే బజ్జీలనుకున్నారు: సౌండ్ ఆర్ట్ పాడ్‌కాస్ట్‌లో తేలిపోతే చేసుకునే రిపేర్లు

సఖినేటిపల్లి రేవులో పంటెక్కి (బళ్లనీ జనాన్నీ ఏరు దాటించే పెద్ద పడవ) గోదావరి పాయ వశిష్ఠ దాటి నర్సాపురంలో దిగేదాకా వినపడే శబ్దాలతో ఒక పీస్ చేశానండి. మా ఊళ్లో మూతపడ్డ రైస్ మిల్లులో ఆరు స్పీకర్లు పెట్టి వినిపిస్తే జనం అటూ ఇటూ తిరుగుతూ బానే విన్నారు, ఓ మూల ఇంజను, ఓ మూల నీళ్లు, ఇంకో మూల మోటార్ సైకిళ్లు పంటు మీదకెక్కే దడదడ. సరే కదా అని అదే ఫైల్ని ఎడమ చెవికొకటి, కుడి చెవికొకటి రెండు ఛానళ్లకి (స్టీరియో అంటారే, అది) దించి పాడ్‌కాస్ట్‌లో పెడితే ఒక్కరికీ ఎక్కలేదు. వినేవాళ్లదేం తప్పు లేదు, మిల్లుకి సరిపడా కుట్టిన చొక్కా జేబులో దూర్చబోయాను నేను. అక్కడ ఏం చెడిందో, ఎలా సర్దుకున్నానో ఇదిగో.

వాన పెట్టాను, "ఎవరన్నా బజ్జీలేస్తున్నార్రా?" అంది మా పిన్ని

నవ్వొచ్చింది గానీ ఆవిడ చెప్పింది కరెక్టే. వానైనా, కాగే నూనైనా, దూరంగా చప్పట్లైనా మైకులోకి వెళ్లేది వేలకొద్దీ చిన్న చిన్న చిటపటలే, కలిసిపోతే ఒకటే గోల. రేవులో నిలబడితే కంటికి మబ్బు కనపడుద్ది, మట్టి వాసనొస్తుంది, అందుకని చెవికి పెద్ద పనుండదు. ఇయర్‌ఫోన్లో ఆ సాయం ఏదీ లేదు, పైగా వినేవాళ్లు ఆ టైంలో వంటింట్లో ఉండొచ్చు.

దీనికి మందు, పెద్ద శబ్దానికి ముందు దగ్గరి శబ్దం ఒకటి ఇవ్వడం. అరటాకు మీద విడివిడిగా మూడు చినుకులు, తర్వాత రేకుల షెడ్డు మీద ఇంకొన్ని, గొడుగు తెరిచిన టప్, అప్పుడు వాన. మొత్తం ఎనిమిది సెకన్లు కూడా పట్టలేదు. వీటన్నిటికన్నా బాగా పనిచేసింది మాత్రం పక్కింటావిడ కేక, "బట్టలు తీయవే, చినుకులు పడతన్నాయ్!" అని. ఇంక వాన అని వేరే చెప్పక్కర్లేదు. (ఆవిడకి వినిపించి, వాడుకోవచ్చా అని అడిగాకే పెట్టానండోయ్, మీరూ అడగండి.)

ఒక చెవికి ఇంజను, ఇంకో చెవికి నీళ్లు

మా బావా ఆయన ఫ్రెండూ రాజమండ్రి బస్సులో చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నారు. ఒకాయన ఇంజను బాగుందన్నాడు, రెండో ఆయన ఇంజనెక్కడుంది అన్నాడు. మనం ఎడమకి పూర్తిగా నెట్టేసిన శబ్దం కుడి చెవి వాళ్లకి అసలు లేనట్టే. కాబట్టి కథ నడిపే శబ్దాలన్నీ మధ్యలో ఉంచి, పక్షులూ కీచురాళ్లలాంటివి మాత్రం పక్కలకి జరపండి.

దీన్లోనే ఇంకో తంటా ఉంది. ఫోన్ స్పీకర్లో పెడితే ఇంజను డొల్లగా, డబ్బాలోంచి వస్తున్నట్టు వినపడింది. ఎందుకంటే నేను రెండు మైకులు 60 సెంటీమీటర్ల ఎడంలో పెట్టాను, పక్కనుంచి వచ్చే శబ్దం రెండో మైకుకి 1.75 మిల్లీసెకన్లు లేటుగా చేరుద్ది, ఆ రెండూ కలిపి మోనో, అంటే ఒకే ఛానల్ చేస్తే (ఒకే స్పీకరున్న ఫోన్ చేసేది అదే) 285 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయ్, పైన ఇంకొన్ని చోట్ల కూడా అంతే. ఇంజను కండంతా ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే మరి. ఇలాంటి రికార్డింగ్ ఆల్రెడీ చేసేసుంటే రెండిట్లో మంచి ట్రాక్ ఒకటే వాడుకోండి. కొత్తగా చేస్తుంటే ఎక్స్-వై పద్ధతిలో, రెండు మైకుల తలలూ ఒకేచోట పెట్టి 90 డిగ్రీలు తిప్పి తీయండి. మిక్స్ చేసేటప్పుడు మోనో బటన్ నొక్కి వినడం అలవాటు చేసుకోండి, ఏదైనా శబ్దం మొత్తానికే మాయమైతే ఒక ఛానల్ పోలారిటీ (శబ్దం అలలో పైది కిందకీ, కిందది పైకీ) తిరగేసి చూడండి.

కింది గుడగుడ ఫోన్లో లేదు

ఫోన్ స్పీకర్ 200, 300 హెర్ట్జ్ కింద పెద్దగా పలకదు. బాస్ పెంచితే ఉపయోగం లేదు, పైగా గరగరమంటుంది. కొంచెం సాచురేషన్ (శబ్దాన్ని కాస్త గరుకు చేసే ఎఫెక్ట్) కలిపితే పై హార్మోనిక్స్, అంటే ఆ కింది శబ్దానికి రెట్టింపు, మూడింతలు పై స్థాయిలో ఉండే తోడు శబ్దాలు వచ్చి, చెవే కిందది ఊహించుకుంటుంది.

కప్పలు వినపడట్లేదు, హారన్ మాత్రం చెవి చిల్లు పొడుస్తోంది

మిల్లులో నిశ్శబ్దం ఉంది కాబట్టి చిన్న శబ్దాలు నిలబడ్డాయి, బస్సులో ఏం నిలబడతాయ్? మొత్తం లౌడ్‌నెస్ మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి ఎంత గట్టిగా అనిపిస్తుందో కొలిచే లెక్క) దగ్గర, పీకు, అంటే అన్నిటికన్నా పైకి లేచే చోటు, మైనస్ 1 డీబీ దాటకుండా పెట్టుకోండి, ఆపిల్ పాడ్‌కాస్ట్ వాళ్లు అడిగేది ఇదే, ఆడాసిటీ అనే ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ అని ఉంటుంది. కానీ కంప్రెసర్ (పెద్ద శబ్దాల్ని అణిచి చిన్నవాటికి దగ్గర చేసేది) బరబరా లాగకండి, కప్పా పంటూ ఒకే సైజైపోతాయ్. హారన్ని చేత్తో తగ్గించండి, కప్పల్ని చేత్తో పెంచండి, ఓపిగ్గా. అయ్యాక నీళ్ల మోటార్ ఆన్ చేసి దాని పక్కన కూర్చుని వినండి. అక్కడ తెలిసిపోద్ది.

నేను పెట్టిన నిశ్శబ్దం ఏమైపోయింది?

దీనికి రెండ్రోజులు బుర్ర పాడుచేసుకున్నాను. ఫైల్లో ఆరు సెకన్లుంది, వినేవాళ్లకి లేదు. చూస్తే కొన్ని యాప్‌ల్లో నిశ్శబ్దాన్ని కత్తిరించే సెట్టింగ్ ఉంటుంది, ఆన్ చేసుకుని మర్చిపోతారు జనం. ఉత్త సున్నా వదలకుండా ఆ చోటి గాలీ నీళ్ల సవ్వడీ నింపండి, యాప్ జోలికి రాకుండా ఉండే ఛాన్స్ ఎక్కువ. అందుకే వెళ్లిన ప్రతిచోటా ఎవరూ మాట్లాడకుండా రెండు నిమిషాలు రికార్డ్ చేసుకుని రండి. ఒకటిన్నర స్పీడులో వినేవాళ్లనైతే మనం ఏం చేయలేం, ఇది మామూలు స్పీడులో వినండని మొదట్లోనే ఒక మాట చెప్పడమే.

వాన నీళ్లలో మునిగినట్టు వస్తోంది

ఎంపీ3 బిట్‌రేట్ తక్కువ, అంటే సెకనుకి ఫైల్లో దాచే డేటా చాలట్లేదు. మాటలకి 64 కేబీపీఎస్ సరిపోద్ది గానీ వానకి చాలదు, స్టీరియో అయితే 192 పెట్టండి.

రెండో నిమిషంలో ఆపేస్తున్నారు

అసలు రోగం ఇదేనండి, పైవన్నీ జలుబూ దగ్గూ. మిల్లులో ఎటెళ్లాలో, ఎంతసేపుండాలో వినేవాళ్లే తేల్చుకున్నారు. కొన్ని పనులు అలా చోటుకే పుడతాయ్, న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో 1977లో మాక్స్ న్యూహౌస్ అనే సౌండ్ ఆర్టిస్ట్ ఫుట్‌పాత్ జాలీ కింద పెట్టిన శబ్దం ఉంది కదా, ఆ రోడ్డు రొదలోంచి నడిచెళ్తేనే దానికి అర్థం. పాడ్‌కాస్ట్‌లో వినేవాళ్లు కదలరు, మనమే కదలాలి. అందుకని ఆరు స్పీకర్లవీ పక్కనపెట్టి దాటడాన్నే వరసగా పెట్టాను, రేవులో కేకలు, బళ్లెక్కడం, ఇంజను అందుకోవడం, నడి ఏట్లో మాటలు పల్చబడటం, అవతల గట్టు. పద్నాలుగు నిమిషాలది ఆరుకి దిగింది.

చివర్లో అంతర్వేది సముద్రం హోరు కూడా పెడదామని చాలా ఆశపడ్డాను. ఇసకలో అడుగులు కలిపాను, జాలర్ల మాటలు కలిపాను, ఏం చేసినా సిగ్నల్ పోయిన టీవీలాగే ఉంది. తీసేశాను.