గేమింగ్ పీసీ వేగాన్ని పెంచడం: ఓవర్‌క్లాకింగ్ ఏ వరుసలో చేయాలి

ఓవర్‌క్లాకింగ్ అంటే కంప్యూటర్ భాగాలను తయారీదారు నిర్ణయించిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపడం. ఏ సెట్టింగునైనా ముట్టుకునే ముందు, మీరు తరచుగా ఆడే ఆటలో ఒకే సన్నివేశాన్ని మూడుసార్లు నడిపి, సగటు ఫ్రేమ్ రేటును (సెకనుకు తెరపై కనిపించే చిత్రాల సంఖ్యను), గ్రాఫిక్స్ కార్డు వాడకాన్ని, ఉష్ణోగ్రతలను రాసిపెట్టుకోవాలి. కార్డు వాడకం 95 శాతానికి పైన ఉంటే సవరించవలసింది కార్డునే. ఫ్రేమ్ రేటుకు పరిమితి పెట్టకపోయినా కార్డు వాడకం 60, 70 శాతం దగ్గరే ఆగిపోతుంటే, లోపం చాలావరకు ప్రాసెసర్‌లోనో ర్యామ్‌లోనో ఉంటుంది.

ముందుగా ర్యామ్‌ను చూడండి. పెట్టె మీద 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ కూడా, బయాస్‌లో (కంప్యూటర్ తెరుచుకునేటప్పుడు ముందుగా నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్‌లో) ఎక్స్ఎంపీ లేదా ఎక్స్‌పో అనే ముందే సిద్ధంచేసిన వేగపు ప్రొఫైల్‌ను ఎంచుకునేంతవరకు సాధారణంగా 4800 వంటి తక్కువ వేగంతోనే నడుస్తుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఇలా ఏళ్ల తరబడి వాడకుండా వదిలేసేవారు తక్కువేమీ కాదు. ప్రొఫైల్ మార్చిన తర్వాత మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్షా ప్రోగ్రామ్‌తో పరీక్షించి, ఒక్క తప్పు కనిపించినా వేగాన్ని ఒక మెట్టు తగ్గించాలి.

గ్రాఫిక్స్ కార్డుకు ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రామ్ సరిపోతుంది. పవర్ లిమిట్‌ను (కార్డు వాడగల విద్యుత్తు పరిమితిని) పూర్తిగా పెంచి, కోర్ క్లాక్‌ను (చిప్ పనిచేసే వేగాన్ని) 15 మెగాహెర్ట్జ్ చొప్పున పెంచుతూ, ప్రతిసారీ అదే సన్నివేశాన్ని నడపాలి. ఆట ఆగిపోయినా, తెరపై మచ్చలు కనిపించినా 30 మెగాహెర్ట్జ్ వెనక్కి రావాలి. మెమరీ క్లాక్ విషయంలో మాత్రం ఆట ఆగిపోయేదాకా ఎదురుచూడకూడదు. నేటి కార్డులలో చాలావాటి మెమరీ, డేటా బదిలీలో తప్పు దొర్లితే దానిని గుర్తించి మళ్లీ పంపుతుంది కనుక, పరిమితి దాటినా ఆట సాఫీగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది, ఫ్రేమ్ రేటు మాత్రం తగ్గుతుంది. క్లాక్ పెంచినకొద్దీ ఫ్రేమ్ రేటు పెరగడం ఎక్కడ ఆగిందో, అక్కడికి ఒక మెట్టు కిందనే నిలపాలి.

నా దృష్టిలో అంతకంటే లాభదాయకమైనది అండర్‌వోల్టింగ్, అంటే చిప్‌కు అందే వోల్టేజీని తగ్గించడం. చిప్ వాడే విద్యుత్తు దాదాపుగా వోల్టేజీ వర్గాన్ని (దానిని దానితోనే గుణిస్తే వచ్చే విలువను) అనుసరించి మారుతుంది. అందువల్ల అదే క్లాక్‌ను 1.05 వోల్టులకు బదులు 0.95 వోల్టుల వద్ద నిలపగలిగితే వినియోగం సుమారు 18 శాతం తగ్గి, వేడి, ఫ్యాన్ల రొద రెండూ తగ్గుతాయి.

ప్రాసెసర్‌ను చివరకు ఉంచుకోండి. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు వాడేవారు, అధిక వోల్టేజీ వల్ల కలిగిన అస్థిరతను అరికట్టడానికి 2024లో వచ్చిన మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి పనితీరును సరిదిద్దే కోడ్) ఉన్న బయాస్‌ను ముందుగా ఎక్కించుకోవాలి. ఏఎండీ రైజెన్ ప్రాసెసర్ అయితే, కోర్లకు అందే వోల్టేజీని తగ్గించే కర్వ్ ఆప్టిమైజర్ అనే సెట్టింగులో అన్ని కోర్లకూ మైనస్ 10తో మొదలుపెట్టవచ్చు. అయితే అది భారీ పరీక్షలో నెగ్గి, ఖాళీగా ఉన్నప్పుడు రీస్టార్ట్ కావచ్చు. తేలికపాటి పనిలో ఒకే కోర్ అత్యధిక క్లాక్‌కు చేరడం, అక్కడ తగ్గించిన వోల్టేజీ చాలకపోవడం ఇందుకు కారణం. కనుక కొన్ని రోజులు మామూలుగా వాడి చూడాలి. కంప్యూటర్ అసలు తెరుచుకోకపోతే, పవర్ తీగను తీసి, మదర్‌బోర్డు మీది బటన్ సెల్‌ను కొన్ని నిమిషాలు బయట ఉంచి తిరిగి అమర్చితే, బయాస్ సెట్టింగులు సాధారణంగా మొదటి స్థితికి వస్తాయి.