వానలు పడకముందే డాబా పైపు ఎటు పోతోందో చూడండి

హైదరాబాద్‌లో గట్టి వాన పడిందంటే గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లకు టెన్షన్. బాత్రూంలోంచి మురుగు నీళ్లు తన్నుకొస్తాయి. అందరూ నాలాను తిడతారు గానీ, చాలాసార్లు తప్పు ఆ బిల్డింగ్ డాబా మీదే ఉంటుంది. వాన నీళ్ల పైపును తెచ్చి డ్రైనేజీ చాంబర్‌లో కలిపేసి ఉంటారు. వంద చదరపు మీటర్ల డాబా మీద 5 సెంటీమీటర్ల వాన పడితే 5,000 లీటర్లు, అంటే ఒక ట్యాంకర్ నీళ్లు. మురుగు కోసం వేసిన లైను వీధిలో అందరి ట్యాంకర్లనూ ఎక్కడ మోస్తుంది?

జూన్‌కు ముందే డాబా మీద బకెట్ నీళ్లలో రంగు కలిపి పోయండి. మీ ఆవరణలోని చాంబర్ మూత తీసి చూడండి. రంగు కనబడిందంటే ప్లంబర్‌ను పిలిచి పైపును ఇంకుడు గుంతకు మళ్లించండి.

గుంత ఉందిలే అని ఊరుకోకండి. ఏడాదిలో ఇసుక మీద ఒండ్రు, ఆకులు పేరుకుని అట్టకడతాయి. అప్పుడది ఉత్త నీళ్ల తొట్టే. పై పొర పారతో తీసేసి కొత్త దొడ్డు ఇసుక పోయించండి. కొత్తగా తవ్వించేవాళ్లు అడుగున పెద్ద కంకర, దాని మీద చిన్న కంకర, ఆపైన ఇసుక వేసి, పైన కొంత జాగా ఖాళీగా వదలాలి. పునాదికి ఆనించి తవ్వొద్దు. తొలి వానకు డాబా దుమ్మంతా దిగుతుంది, ఆ నీళ్లు బయటికి వదిలేయండి.

వాన నీటిని వచ్చిన చోటే పట్టి ఉంచడం మనకు కొత్తేం కాదు. 1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టింది అందుకే. ఇప్పుడు నీళ్లు నిలిచే కూడళ్లలో రోడ్డు కింద ట్యాంకులు కడుతున్నదీ అందుకే.

ఇక సెల్లార్. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్‌లో 32 సెంటీమీటర్ల వాన పడింది. అంత వానకు ఏ గుంతా ఆగదు. కరెంటు ప్యానెల్ బోర్డును సెల్లార్‌లోంచి పైకి మార్పించండి. సంపు మూత బిగుతుగా ఉందో లేదో చూడండి. నీళ్లు వస్తున్నప్పుడు కారు కోసం కిందికి దిగొద్దు. మునిగిన కారును స్టార్ట్ చేయొద్దు. ఇన్సూరెన్స్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి.

వీధిలో నీళ్లు తొందరగా పోవాలని మ్యాన్‌హోల్ మూత మాత్రం ఎత్తొద్దు. నీళ్ల కింద అది కనబడదు, నడిచేవాళ్లు అందులో పడతారు. జలమండలి 155313కు ఫోన్ చేయండి, వాళ్లే చూసుకుంటారు.