రౌటర్‌తో కాంపోజిట్ కోత, 4వ పాఠం: నెమ్మదిగా నడిపితే ఏమవుతుంది?

గత పాఠం తర్వాత మీరు పంపిన ఫోటోలు చూశాను. రౌటర్ మీద, అంటే తిరిగే బిట్టుతో కోసే యంత్రం మీద, మీరు కోసిన కార్బన్ పలకల (కార్బన్ పోగుల పొరలను ఎపాక్సీ అనే జిగురుతో అతికించిన కాంపోజిట్) అంచు నిండా వెంట్రుకలు, గోధుమరంగు మరకలు. ఒకరి పలకకైతే పై పొర గోరంత మేర లేచిపోయింది. ఈసారి రంధ్రాలు చెబుదామనుకున్నాను, అవి ఆగుతాయి. పలక బిగించడం, జీరో పెట్టడం (కోత మొదలయ్యే చోటు యంత్రానికి చూపడం), మాస్కు, వ్యాక్యూమ్ మీకు తెలిసినవే.

పొర లేచినవారు చెత్తను పైకి లాగే స్పైరల్ బిట్టు వాడారు. కిందకు నొక్కే రకం వాడితే చాలు.

మిగతా అందరి తప్పు ఒకటే: భయపడి ఫీడు, అంటే బిట్టు పలక మీద ముందుకు సాగే వేగం, తగ్గించారు. బిట్టును తిప్పే స్పిండిల్‌ను 18,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) మీదే ఉంచి, నిమిషానికి 200 మి.మీ. నడిపారు. రెండు పళ్ల బిట్టు నిమిషానికి 36,000 సార్లు పలకను తాకుతుంది. భాగించి చూడండి, ఒక్కో పన్ను వంతుకు వచ్చేది 0.0056 మి.మీ. కార్బన్ పోగు ఒక్కటే దాదాపు 0.007 మి.మీ. మందం! ఇక పన్ను తెంపేదేముంది? పోగును రాసుకుంటూ పోతుంది. ఆ రాపిడికి ఎపాక్సీ వేడెక్కి మెత్తబడుతుంది, పట్టు తప్పిన పోగులు పక్కకు వంగిపోతాయి. మీ ఫోటోల్లోని వెంట్రుకలు అవే. చెక్క అయితే నల్లగా మాడి హెచ్చరిస్తుంది. ఇక్కడ ముందు వాసన వస్తుంది.

పన్నుకు 0.03 మి.మీ. ఇవ్వండి: 18,000 × 2 × 0.03, అంటే నిమిషానికి 1,080 మి.మీ. అంత వేగానికి యంత్రం వణికితే ఫీడు ఒక్కటే తగ్గించకండి, ఆర్‌పీఎం కూడా దించండి. 10,000 దగ్గర 600 సరిపోతుంది. ఒంటి పన్ను బిట్టుకు 18,000 దగ్గర 540.

గ్లాసు పోగుల (ఫైబర్‌గ్లాస్) పలకకూ ఇదే లెక్క. హైస్పీడ్ స్టీలు బిట్టు మాత్రం వద్దు, చూస్తుండగానే మొద్దుబారుతుంది. నేనైతే గళ్లు చెక్కినట్టుండే కార్బైడు బర్ బిట్టే వాడతాను. దానికి పళ్ల లెక్క కుదరదు, ధూళిని చూసి నడుపుతాను: పొగలా లేస్తే ఫీడు పెంచుతాను, రవ్వలా రాలితే అలాగే పోనిస్తాను. అన్నట్టు, కార్బన్ ధూళిలో కరెంటు పారుతుంది. కంట్రోలర్ పెట్టె మూత తెరిచి ఉంచి ఒక బోర్డు పోగొట్టుకున్నాను.

అభ్యాసం: కొత్త రెండు పళ్ల బిట్టు, 18,000 ఆర్‌పీఎం, 1 మి.మీ. లోతు, 100 మి.మీ. పొడవున పది గాళ్లు. ఫీడు 1,100తో మొదలుపెట్టి వందేసి తగ్గిస్తూ 200 దాకా రండి. కింది నుంచి పైకి వెళ్తే బిట్టు ముందే అరిగి పోలిక చెడుతుంది. తర్వాత మళ్లీ 1,100 దగ్గర పదకొండో గాడి తీసి, భూతద్దంతో మొదటిదాని పక్కన పెట్టి చూడండి. ఆ రెండింటి ఫోటోలే పంపండి.