చారు చిలుము వాసన వేస్తే, దోసె అంటుకుంటే: ముందు గిన్నె ఏ లోహమో తేల్చుకోవడం

సమస్య: అటక మీది నుంచి దించిన పాత పచ్చటి గిన్నెలో చారు కాస్తే చిలుము వాసన వస్తోంది, నోటికి వగరుగా తగులుతోంది.

కారణం: అది ఇత్తడో కంచో ముందు తేల్చుకోవాలి. రాగిలో తుత్తునాగం కలిస్తే ఇత్తడి, తగరం కలిస్తే కంచు అవుతుంది. గిన్నెను వేలికొనల మీద నిలిపి అంచున గరిటెతో మెల్లగా తడితే, కంచు ఖంగుమని మోగి ఆ మోత కాసేపు నిలుస్తుంది; ఇత్తడి మోత త్వరగా అణగిపోతుంది. ఇత్తడి అని తేలితే లోపలి భాగాన్ని వెలుతురులో చూడండి. మా ఇంటి గుండిగలో గరిటె తిరిగే చోట, తెల్లటి కళాయి, అంటే తగరపు పూత, అరిగి అర్ధరూపాయంత పసుపు మచ్చ బయటపడింది. చింతపండు పులుపు అటువంటి చోటనే లోహాన్ని కరిగించి చారులో కలుపుతుంది.

పరిష్కారం: ఆ చారును పారబోసి, మళ్లీ కళాయి వేయించే దాకా ఆ గిన్నెలో వండకండి. సీసం కలపని తగరమే వాడమని కళాయి వేసేవారికి ముందే గట్టిగా చెప్పండి. తగరం 232 డిగ్రీల సెల్సియస్ వద్దే కరుగుతుంది కనుక కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద ఉంచకూడదు, పోపును కూడా వేరే మూకుట్లో వేయించి కలుపుకోవడం మేలు.

సమస్య: ఇండక్షన్ పొయ్యి మీద స్టీలు గిన్నె వేడెక్కడం లేదు.

కారణం, పరిష్కారం: దాని అడుగుకు అయస్కాంతం అంటుకోదు. అంతమాత్రాన అది నాసిరకమని అనుకోవద్దు. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న మేలురకం స్టీలుకు సాధారణంగా అయస్కాంతం అంటదు. దానిని గ్యాసు పొయ్యికి ఉంచుకొని, ఇండక్షన్‌కు మాత్రం అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెనే కొనండి.

సమస్య: ఇనుప పెనానికి దోసె అంటుకుపోతోంది.

కారణం: సబ్బునీళ్లలో నానబెట్టి గట్టిగా తోమడం వల్ల, కాలి గట్టిపడిన నూనె పొర పోయింది.

పరిష్కారం: పెనాన్ని కడిగి, సన్నటి మంట మీద తడి పూర్తిగా ఆర్చి, నూనెను పలుచగా రాసి పొగ వచ్చే దాకా కాల్చండి, చల్లారాక ఇదే పనిని మరో మూడు నాలుగుసార్లు చేయండి. బరువుగా, గరుకుగా ఉండే పోత ఇనుప పెనమైతే, వేడి మీద చన్నీళ్లు పోస్తే పగిలిపోవచ్చు. పలుచటి రేకు పెనం పగలదు గాని వంకర తిరుగుతుంది, అప్పుడు దోసె ఒక పక్క మాడి ఒక పక్క పచ్చిగా ఉంటుంది.