ఇందోర్ వెళ్లే ముందు ఇవి చూసుకోండి

ముందు తేదీలు. హోలీ తర్వాత ఐదో రోజు రంగపంచమి, ఆ రోజు రాజ్‌వాడా కోట చుట్టూ గేర్ అనే రంగుల ఊరేగింపు జరుగుతుంది, ట్యాంకర్లతో రంగునీళ్లు చిమ్ముతారు. అదే చూడాలనుకుంటే పాత బట్టలు, ఫోన్‌కి కవరు పెట్టుకోండి, లేదంటే ఆ రోజు వదిలేయండి. ఏప్రిల్, మే ఎండలకి పిల్లల్ని, పెద్దవాళ్లని తీసుకెళ్లొద్దు.

రాజ్‌వాడా అంటే ఇందోర్‌ని ఏలిన హోల్కర్ల ఏడంతస్తుల కోట, కింది అంతస్తులు రాయి, పైవి చెక్క. సెలవు రోజు ముందే కనుక్కుని వెళ్లండి.

సరాఫా బజారుకి పగలు వెళ్తే కనిపించేది బంగారం కొట్లే. రాత్రి షట్టర్లు దించాక అదే సందులో తిండి బళ్లు మొదలై అర్ధరాత్రి దాటినా నడుస్తాయి, కాబట్టి సాయంత్రం హోటల్లో టిఫిన్లవీ తిని కడుపు నింపుకోవద్దు. భుట్టే కా కీస్ మాత్రం వదలకండి, లేత మొక్కజొన్న తురిమి పాలల్లో ఉడికించి, పైన నిమ్మరసం పిండి ఇస్తారు, పొగలు కక్కుతుండగానే తినాలి. చలికాలమైతే గరాడు కూడా దొరుకుతుంది, పెండలం ముక్కలు కరకరలాడేలా వేయించి జీరావన్ అనే మసాలా పొడి చల్లుతారు. తోపులాట ఎక్కువ, పర్సు ముందు జేబులో ఉంచండి.

చెత్త ఎక్కడపడితే అక్కడ వేయొద్దు, 2017 నుంచి ఏళ్ల తరబడి దేశంలో శుభ్రతకి మొదటి ర్యాంకు నిలబెట్టుకున్న ఊరది.

మనవాళ్లు చాలామంది ఉజ్జయిని, ఓంకారేశ్వర్ ఒకే రోజులో చుట్టేద్దామనుకుంటారు. వద్దు, రెండూ ఇందోర్‌కి చెరో దిక్కు. ఉజ్జయినిలో మహాకాళేశ్వరుడి భస్మహారతి తెల్లవారుజామునే, దానికి ముందుగా బుక్ చేసుకోవాలి, మగవాళ్లు పంచె సర్దుకోండి.